అలుగు వంతు

బొప్పాయిని నిలువుగా చీల్చి, గింజలు వేలితో గీరి బకెట్లో పడేస్తూ అన్నమ్మ కొండలరావు మెడ గురించి ఆలోచిస్తోంది. లావుపాటి మెడ. చొక్కా కాలరు మీద రెండు మడతలుగా కూర్చునే మెడ. సాయంత్రం ఆ మెడలో బంతిపూల దండ పడుతుంది. ఆ దండలో, పూలకీ పూలకీ మధ్య ఎర్రచీమల గూడొకటి దాచిపెడితే?

ఆ ఊహకే నవ్వొచ్చింది. పక్కన పొయ్యి మీద గుడ్లు కుతకుతమన్నాయి. అవీ నవ్వుతున్నట్టే ఉంది.

రాయపూర్ ఊరి బయటి ఆ జూలో జంతువుల వంటగది ఆమెది. ఎండ ఎక్కకముందే కొండ మైనాలకు జామపండు గోరంత ముక్కలు కావాలి. ఎలుగుబంటికి బెల్లం రొట్టె కావాలి. నాలుగు కొమ్ముల చౌసింగా జింకకు క్యారెట్లు చక్రాల్లా తరగాలి. కొన్ని పంజరాల ముందు బోర్డుల మీద ‘అరుదైన జాతి’ అని ఎర్రటి అక్షరాలుంటాయి. ఆ అక్షరాలు అన్నమ్మ చదవలేదు. కానీ ఎర్రటి బోర్డున్న జంతువు ఒకపూట తినకపోతే డాక్టరమ్మ ముఖం వాడిపోతుందని తెలుసు. అందుకే వాటి పళ్ళాలు చివర్లో, తీరిగ్గా సర్దుతుంది. జామకాయ కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన ఆమెకు ఇష్టం. పెళ్ళైన కొత్తలో మొగుడు పరదేశి, అప్పట్లో ఈ జూలోనే కీపరు, డ్యూటీ నుంచి వస్తూ చొక్కా జేబులో ఒక్క కాయ తెచ్చేవాడు. సగం కొరికి, తియ్యగా ఉందని తేలాకే మిగతా సగం ఇచ్చేవాడు.

ఆ పరదేశిని ‘చీంటీచోర్’ అన్నారు. చీమల దొంగ అని.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడు ఇక్కడికి ఒక అలుగు వచ్చింది. ఒళ్ళంతా పెంకులు, నోట్లో ఒక్క పన్ను లేదు, మూరెడు నాలుక. తెలియనివాళ్ళు చెయ్యి వేస్తే బంతిలా చుట్టుకుపోయేది. చీమలూ చెదపురుగులూ తప్ప ఏమీ ముట్టేది కాదు. బస్తర్ అడవుల నుంచి దాని కోసం ఎర్రచీమల గూళ్ళు బస్సులో వచ్చేవి. పరదేశి వాటిని తెచ్చి స్టోరులో పెట్టేవాడు. స్టోరు తాళం సూపర్‌వైజర్ కొండలరావు మొలకు వేలాడేది. మర్నాడు చూస్తే గూళ్ళు సగమే ఉండేవి. ఆ సీజను దాటకుండానే అలుగు ఆకలితో పోయింది. చీమలు అమ్ముకున్నాడని చెప్పి పరదేశిని పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత అతను రైస్ మిల్లులో బస్తాలు మోశాడు. తౌడు దుమ్ము రొమ్ములో చేరింది. దగ్గు తెరల మధ్య కూడా ఒకటే మాట: “నేను తియ్యనేదే, అన్నమ్మా.”

తియ్యలేదని అన్నమ్మకు తెలుసు. ఆ రోజుల్లో ఆమె శంకర్ నగర్‌లో కొండలరావు ఇంట్లో వంట చేసేది. ఆదివారాలు ఆయన ఇంటికి పెద్దవాళ్ళు వచ్చేవారు. బజార్లో కొన్నానంటూ ఆయన ఆకుల పొట్లం ఇస్తే, అందులోని ఎర్రచీమలను మిరపకాయలు, వెల్లుల్లి వేసి చాపడా చట్నీ రుబ్బేది. పరదేశి పని పోయిన రోజున ఆ ఇంటి చెత్తబుట్టలో ఆమెకు చెట్టునార ముక్కలు కనబడ్డాయి. మూడు పేటలుగా పేనిన నార, చివర ఉరిముడి. అలుగు కోసం వచ్చే చీమల గూళ్ళకు కట్టే నార అదేనని మొగుడు ఎన్నిసార్లు ముడి విప్పి చూపించాడో! ఎవరికి చెప్పుకుంటుంది? వంటమనిషి మాట ఎవరు నమ్ముతారు? అందులోనూ రుబ్బింది తన చేతులే.

మొగుడు పోయాక కొండలరావే జాలిపడి ఈ వంటగదిలో పని ఇప్పించాడు. ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆయన చెప్పిన ప్రతిసారీ అన్నమ్మ కడుపులో పగ ఒక్క చుట్టు బిగుసుకునేది, పెంకులు బయటికి పెట్టుకుని.

“ఏటి అన్నమ్మా! ఇవ్వాళ నాది ఆఖరి రోజు. మర్చిపోనేదు కదా?”

గుమ్మంలో కొండలరావు. కొత్త చొక్కా, చెవుల దగ్గర రంగేసిన జుట్టు. వెనకాలే ధనుంజయ్, బోనులు కడిగేవాడు, బస్టాండు నుంచి తెచ్చిన పొట్లం చేత పట్టుకుని నిలబడ్డాడు. పోయిన నెల దొంగల దగ్గర దొరికిన కొత్త అలుగుకు వచ్చిన గూడు అది. పచ్చి ఆకులను చీమలే కుట్టుకున్న గూడు. లోపల సన్నగా చిటపటమంటోంది, ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు.

“సాయంత్రం పార్టీలో నా చాపడా ఉండాల. గూట్లో సగం తీసీ. అలుగుకి సగం చాల్దేటి? దాని పొట్టెంత, దాని బతుకెంత!”

“అలాగే బావూ. ఎల్లిపోతన్న మనిషికి వంతు పెట్టకుండా పంపుతానేటి?”

“శెభాష్! చూసినావా ధనుంజయ్, విశ్వాసం అంటే అదీ. నేనే పని ఇప్పించినాను దీనికి.”

ఆయన వెళ్ళాక అన్నమ్మ గూడు చేతిలోకి తీసుకుంది. బయటికొచ్చిన చీమొకటి మణికట్టు మీద కుట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దండలో పెడితే ఎంత బాగుంటుంది! వందల చీమలు ఆ రెండు మడతల మధ్య దూరితే ఆయన ఎలా గెంతుతాడు? కళ్ళు మూసుకుని ఆ గెంతులన్నీ చూసింది. కడుపు చల్లబడింది.

కానీ ఆ చీమలు అలుగువి. దండలో ఒక్క గుప్పెడు పోసినా ఆ గుప్పెడు మళ్ళీ కొండలరావే తిన్నట్టు. పైగా చీమలు కుట్టినవాడి మీద అందరికీ జాలి పుడుతుంది. ఆమెకు కావలసింది గెంతులు కాదు. ఆ నోట్లోంచి ఒక్క మాట రావాలి. ఇవ్వాళ రాకపోతే ఇక రాదు. రేపటి నుంచి ఆయన ఎవరో, ఈ జూ ఎవరిదో.

ఆ నోటిని ఆమె ఎరుగును. ఏళ్ళ తరబడి వండిపెట్టింది. టీలో అల్లం తగ్గితే గ్లాసు వెనక్కి పంపే మనిషి. పెళ్ళి భోజనంలో కూడా నెయ్యి ఏ ఊరిదో చెప్పందే లేచేవాడు కాదు. అందరూ బాగుందన్నదాన్ని బాగోలేదనడంలో ఆయనకు ఉన్న ఆనందం మరి దేన్లోనూ లేదు.

అన్నమ్మ గూడు మొత్తాన్ని మూతున్న డబ్బాలో భద్రం చేసింది. దానికి కట్టి వచ్చిన నారను, ఉరిముడి విప్పకుండానే, కొంగున ముడివేసుకుంది. మిరపకాయలు, వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు రోట్లో వేసి, పులుపుకు గుప్పెడు ఆమ్‌చూర్, ఎండు మామిడి పొడి, పోసింది. ఒక్క చీమ కూడా వెయ్యలేదు. బండ తిప్పుతుంటే చేతి గాజులు గలగలమన్నాయి. చాలా రోజులకు ఆమె కూనిరాగం తీసింది.

సాయంత్రం జూ ఆసుపత్రి వరండాలో బల్లలు వేశారు. డాక్టర్ పూర్ణిమ నవ్వుకుంటూ వచ్చింది. భిలాయి తెలుగమ్మాయి, పెళ్ళై నెల కాలేదు. అరచేతుల గోరింటాకు ఇంకా పోలేదు, ఫోన్ మోగితే చాలు బుగ్గలు ఎర్రబడతాయి. ధనుంజయ్ పళ్ళెంలో దండ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వేడివేడి సమోసాల పక్కన ఆకు దొన్నెల్లో చట్నీ పెట్టింది అన్నమ్మ.

“అబ్బ, ఘాటు! భలే ఉంది అన్నమ్మగారూ,” అంది పూర్ణిమ. ధనుంజయ్ లొట్టలు వేశాడు.

కొండలరావు చూపుడువేలు దొన్నెలో ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూశాడు. తెరిచాడు.

“ఏటిది?”

“చాపడా, బావూ.”

“ఎవుల్ని మోసం చేత్తావే? ఇందులో చీమే నేదు! ఇది ఆమ్‌చూర్ పులుపు.”

“బాగానే ఉంది కదా, సాబ్,” అన్నాడు ధనుంజయ్.

“నీకేటి తెల్సురా? చీమ పులుపు ముక్కులోకి ఎక్కాల! ఆ ముందటి అలుగున్న సీజనంతా ఆదివారం ఆదివారం తిన్నాన్రా నేను. గూళ్ళకి గూళ్ళు! వొచ్చిన పెద్దోళ్ళు వేళ్ళు నాకీసినారు. అడుగు, అన్నమ్మే రుబ్బింది. ఈ నాలుక్కి పాఠాలా?”

పూర్ణిమ చేతిలోని సమోసా దొన్నె మీదే ఆగిపోయింది.

“ఆ అలుగు తిండిలేక చచ్చిపోయిందన్నారు కదా, సార్? దాని చీమల్ని కీపరు అమ్ముకున్నాడన్నారు. నేను చేరిన రోజున మీరే చెప్పారు.”

దూరంగా మైనా ఒకటి ఈల వేసి ఊరుకుంది. కొండలరావు వేలు ఇంకా గాల్లోనే ఉంది.

అన్నమ్మ కొంగు ముడి విప్పి నార బల్ల మీద పెట్టింది.

“రుబ్బింది నేనే, డాక్టరమ్మా. బజార్లో కొన్నానని ఈ బావుగారే పొట్లం ఇచ్చినారు. ఆ పొట్లాలకీ ఇదే నార, ఇదే ముడి. అలుగు చీమలని అప్పుడు నాకు తెల్దు. మా ఆయనకి అసలే తెల్దు. ఆయన తియ్యనేదు.”

“అరే, ఛోడో, వొదిలీండి!” కొండలరావు నవ్వాడు. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు. “పాత సంగతులు! ఏదో ఓ గుప్పెడు...”

“గూళ్ళకి గూళ్ళు అన్నారు, సాబ్,” అన్నాడు ధనుంజయ్. పరదేశిని మొట్టమొదట చీంటీచోర్ అన్నది అతనే. దండ ఉన్న పళ్ళాన్ని మెల్లగా బల్ల కిందికి దించాడు.

కొండలరావు చెయ్యి తుడుచుకున్నాడు. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. స్కూటరు వెంటనే అందుకోలేదు. రోజూ తొయ్యడానికి పరుగెత్తే మనుషులు ఇవాళ తమ సమోసాల వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి అదే దగ్గుతూ కదిలింది. గేటు దాకా ఆ ఉత్త మెడ కనిపించింది. అన్నమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. జాలి వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. హాయిగా అనిపించింది, అంతే.

“మరి అసలు చీమలేవి?” అడిగింది పూర్ణిమ.

“దాని వంతు దానికుందమ్మా.”

చీకటి పడుతుండగా ధనుంజయ్ డబ్బా మోసుకుని ముందు నడిచాడు. గూడు విప్పి బోనులో పెట్టారు. మూలన బంతిలా ఉన్న అలుగు కదిలింది. ఒక్కొక్క పెంకే సడలింది. సన్నటి మూతి బయటికొచ్చి, పొడవాటి నాలుక ఆకుల మధ్యలోకి జారింది. అది తింటున్న చప్పుడు కూడా లేదు.

“పరదేశన్న చూసుంటే మురిసిపోదుడు, వొదినా,” అన్నాడు ధనుంజయ్, నేల చూస్తూ.

అన్నమ్మకు ఆ పేరును ఆ నోట వినడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. చెవుల్లో ఇంకాసేపు ఉండనిచ్చింది.

తిరిగి వచ్చేసరికి వరండాలో బల్లలు తుడిచేశారు. దొన్నెలన్నీ చెత్తలోకి పోయాయి. ఒక్కటి మాత్రం బల్ల చివర, కొండలరావు కూర్చున్న చోటే ఉంది. నిండుగా ఉన్న పచ్చటి చట్నీ మీద, లావుపాటి చూపుడువేలు ముంచిన గుంట ఒక్కటి, ఇంకా పూడకుండా.