రెండు చెంచాల నూనె

పంది మాంసం కూర అడుగంటకుండా గుమోక్ పారంత గరిటెను రెండు చేతులా పట్టుకుని తిప్పుతోంది. ఆరువందల నలభై మంది పిల్లలకు సరిపడే కూర. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడ నుంచి కిందికి ప్లాస్టిక్ ఏప్రన్, తల మీద తెల్ల టోపీ, మూతికి మాస్కు. మనిషిలో కనబడేవల్లా రెండు కళ్ళూ, మోచేతుల కింద కాలిన మచ్చలూ. బయట జూన్ ఎండ ఒక ఎత్తు, లోపల ఆవిరి ఒక ఎత్తు. మొక్పో అనే రేవు ఊళ్ళో ఈ బడి వంటింట్లో పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే. కూర బాగుంటే పిల్లలు తింటారు, లేకపోతే బకెట్లో పారబోస్తారు. ఆమె గురించి మంచిగా గానీ చెడ్డగా గానీ ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు.

"అక్కా, బియ్యంలో నూనె వేశావా?" అని అడిగింది గుమోక్.

"వేశానే తల్లీ. రోజూ అడుగుతావేం? నాకు మతిమరుపు వచ్చిందనుకున్నావా?" అంది చున్‌జా. అరవై ఏళ్ళ మనిషి. వచ్చే ఏడాది రిటైరవుతుంది. నోరు మాత్రం అవదు.

అంత అన్నం ఒక్కసారి వండినప్పుడు ముద్దకట్టకుండా నిగనిగలాడుతూ ఉండాలంటే ఎసట్లో వాసన లేని నూనె కాస్త పడాలి. ఈ వంటింట్లో అందరికీ తెలిసిన సంగతే. ఆ సంగతిని గుమోక్ ఇంటికి మోసుకుపోయిందని మాత్రం చున్‌జాకి కూడా తెలియదు.

గుమోక్ కూతురు సేబోమ్‌కి పదహారేళ్ళు. పోయినేడు తిండి మానేసింది. మొదట అన్నం, తర్వాత కూర, తర్వాత పండు. చలికాలం వచ్చేసరికి ఆసుపత్రిలో ముక్కులో గొట్టంతో పడుకుంది. ఫిబ్రవరిలో ఇంటికి పంపుతూ డాక్టరమ్మ చెప్పినవి తక్కువ మాటలే. మూడు పూటలా తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి. బతిమాలొద్దు, తిట్టొద్దు. పిల్లకు తెలియకుండా తిండిలో ఏమీ కలపొద్దు. "బలం కోసం ఏం వేసినా చెప్పి వెయ్యండి. దొంగతనంగా వేశారని ఒక్కసారి తెలిసిందా, మళ్ళీ మీ చేతి ముద్ద ముట్టదు" అంది.

పక్కన గుమోకే కూర్చుంది, రెండు వారాలు. ఆమె కళ్ళు ఊరుకోవు. చెంచా లేస్తే లేస్తాయి, దిగితే దిగుతాయి. పిల్ల ముద్దని నోటి దాకా తెచ్చి దించేసేది, చివరికి గిన్నె దూరంగా జరిగిపోయేది. అప్పుడు డాక్టరమ్మ, "కొన్నాళ్ళు నాన్నగారిని కూర్చోనివ్వండి" అంది.

నాన్నగారు! ఆ మాటకి గుమోక్ కడుపు అప్పుడు మండింది, ఇంకా ఆరలేదు. మొగుడు తేసిక్ పద్దెనిమిదేళ్ళు దూరపు సముద్రాల్లో చేపల ఓడల మీద తిరిగాడు. పిల్ల పుట్టినప్పుడు లేడు. పాలపళ్ళు ఊడినప్పుడు లేడు. ముక్కులో గొట్టం పెట్టిన నాడూ లేడు. నడుం పట్టేసి మొన్న జనవరి చివర్లో ఒడ్డున పడ్డాడు. వచ్చినవాడు వచ్చినట్టు కూతురి ఎదురుగా చతికిలబడి, తిమింగలం తన టోపీ ఎత్తుకుపోయిందని కోతలు కోస్తుంటే, ఈ మహారాణి నవ్వుకుంటూ తింటుంది! గుమోక్ ఆ అరగంటా వెనక వరండాలో, గాజు తలుపు అవతల, బోర్లించిన కిమ్చీ పచ్చడి డబ్బా మీద కూర్చోవాలి. వండేది తను, వినేది నవ్వులు.

"మొగుడు పరాయిదాన్ని చూస్తాడని కుళ్ళుకునేవాళ్ళని చూశాను," అంది చున్‌జా, మాంసం మీద ఉల్లికాడలు చల్లుతూ. "కన్నకూతురు వాడి దగ్గర అన్నం తింటోందని కుళ్ళుకునేదాన్ని నిన్నే చూస్తున్నా."

"కుళ్ళేం లేదు."

"లేదులే. ఆ గరిటె చూడు, కూరని కలుపుతున్నట్టుందా, మీ ఆయన్ని కుమ్ముతున్నట్టుందా?"

పక్కనున్న ఇద్దరూ పకపకా నవ్వారు. గుమోక్ కూడా మాస్కు వెనక నవ్వింది, ఏడవలేక.

పన్నెండింటికి పిల్లలు వరసకట్టారు. బుగ్గలున్న ఒక అమ్మాయి పళ్ళెం చాచి, "పిన్నీ, ఇంకొంచెం మాంసం, ప్లీజ్ పిన్నీ" అంది. గుమోక్ వేసింది. పావుగంటకి ఆ పళ్ళెం కడిగినట్టుగా తిరిగి వచ్చింది. ఎవరు కన్నారో దీన్ని! ఆ మహాతల్లి ఈపాటికి ఎక్కడో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతూ ఉంటుంది, పిల్ల తిందా లేదా అన్న బెంగ లేకుండా. దాని అదృష్టానికి గుమోక్‌కి కళ్ళు కుట్టాయి. తర్వాత పళ్ళేలు కడిగే నీళ్ళలో చేతులు పెట్టి రెండు గంటల సేపు ఏమీ ఆలోచించలేదు.

నాలుగున్నరకి క్లినిక్. ఆమె తలకి రెండుసార్లు సబ్బు పెట్టుకుని వెళ్ళినా వేపుడు వాసన వదల్లేదు. తండ్రీకూతుళ్ళు అప్పటికే వచ్చి ఒకే ఫోనులో ఏదో చూస్తూ భుజాలు రాసుకుని కూర్చున్నారు. సేబోమ్ కాటా మీద వెనక్కి తిరిగి నిలబడింది, అంకె పిల్లకి కనబడకూడదు కనుక. నర్సు రాసుకుంది. పిల్లని బయట కూర్చోబెట్టి తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచారు.

"బాగా పెరిగింది," అంది డాక్టరమ్మ. "ఈ రెండు వారాలు ఎప్పుడూ లేనంత బాగుంది. ఇలాగే ఉంటే సెప్టెంబరులో బడికి పంపొచ్చు. తగ్గితే మాత్రం మళ్ళీ వార్డే, అది మీకూ తెలుసు." ఆపైన తేసిక్ వైపు తిరిగి, "అంతా మీరు పక్కన కూర్చోబట్టే నాన్నగారూ. మీలాంటి తండ్రులు తక్కువ" అంది.

తేసిక్ బట్టతల నిమురుకుని, "నాదేముందండీ, నోరుంది, వాగుతాను" అన్నాడు. ఆ వినయం చూసి గుమోక్‌కి ఒళ్ళు మండిపోయింది.

రెండు వారాలు. లెక్కకి సరిగ్గా పద్నాలుగు రోజులుగా ఆమె ఇంట్లో అన్నం ఎసట్లో రెండు చెంచాల నూనె పోస్తోంది. చారులో వాల్‌నట్ మెత్తగా నూరి కలుపుతోంది. బడిలో ముల్లంగి కనబడకుండా పిల్లల చేత తినిపించే చెయ్యి అది, దానికి ఇదొక లెక్కా? పెరిగిన ప్రతి గ్రామూ ఆమెది. పేరు ఇతగాడిది.

"అమ్మగారూ, మీరేమైనా చెప్పాలా?"

"ఏం లేదండీ," అంది గుమోక్. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి.

ఇంటికొచ్చి బియ్యం కడిగింది. తేసిక్ స్నానానికి వెళ్ళాడు, పిల్ల గదిలో ఉంది. వరండాలో బట్టల సబ్బు వెనక దాచిన సీసా తెచ్చి రెండు చెంచాలు పోసి, మళ్ళీ దాచేసింది. చేప వేయించింది, పాలకూర కలిపింది, చారు కాచింది. అన్నీ బల్ల మీద సర్ది, అలవాటు ప్రకారం గాజు తలుపు జరిపింది.

"అమ్మా."

సేబోమ్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. మెడ ఎముకల మీద ఈమధ్యనే కాస్త చర్మం నిండినట్టుంది. చెంచా పట్టుకుని, చెంచా వైపే చూస్తూ అంది. "నువ్వూ రా. ఇవాళ ఇక్కడ కూర్చో."

నాలుగు నెలల్లో మొదటిసారి. గుమోక్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, వచ్చి తేసిక్ పక్కన చుట్టపుచూపుగా వచ్చినదానిలా అంచు మీద కూర్చుంది. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక చేపని చూసింది. పిల్ల ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. దేవుడా, నా ముందు తింటోంది, అనుకుంది గుమోక్. ఆ క్షణంలో ఆమెకి మరేమీ అక్కర్లేదు.

అప్పుడే తేసిక్ ఫోను మోగింది. వాండో దీవిలో ఉండే అతని అక్క. స్పీకరు పెట్టాడు.

"ఏరా, పిల్ల ఎలా ఉంది?"

"ఇదిగో, తింటోంది! బరువు పెరిగిందక్కా. డాక్టరమ్మ నన్నే మెచ్చుకుంది తెలుసా? నీలాంటి తండ్రి దేశంలో లేడంది."

"దేశంలో అన్లేదు నాన్నా," అని సేబోమ్ నవ్వింది.

"పోనీలే, ఊళ్ళో అంది. తల్లి పదహారేళ్ళు పెంచినా రాని బుద్ధి, నేను నాలుగు నెలల్లో తెప్పించానక్కా!"

సరదాకే అన్నాడు. అతనికి నోటికేది వస్తే అదే మాట. పిల్ల కూడా సరదాకే, "నాన్న పక్కనుంటే అన్నం దానంతటదే దిగిపోతుందత్తా" అంది.

"నాన్న వల్లా?" అంది గుమోక్. గొంతు తనది కానట్టు పైకి లేచింది. "మీ నాన్న కోతల వల్ల పెరిగావా నువ్వు? ఆ అన్నంలో రెండు వారాలుగా నూనె పోస్తున్నది నేను! చారులో వాల్‌నట్ నూరి పోస్తున్నది నేను! కష్టం నాది, మెప్పు ఈయనదీనా?"

ఫోనులో అక్క, "ఏంటి, ఏమంటోంది?" అంది. తేసిక్ ఫోను కట్టేశాడు.

సేబోమ్ గిన్నెలోకి చూసింది. అన్నం మెరుస్తోంది. ఇన్నాళ్ళూ మెరుస్తూనే ఉంది.

"ఎప్పట్నించి?"

"నీ బరువు పెరగాలనే కదే తల్లీ..."

"ఎప్పట్నించమ్మా?"

"పద్నాలుగు రోజులు."

పిల్ల చెంచాని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. అరిచినా బాగుండేది.

"నాన్న వల్ల అని నేనూ ఊరికే అన్నాను," అంది. "నా వల్ల అనుకున్నాను. ఒక్కో ముద్దకీ ఎంత భయమేస్తుందో నీకు తెలీదు. భయమేసినా తిన్నాను కదా, నేనే గెలిచాను కదా అనుకున్నాను. అందుకే నిన్ను పిలిచాను."

ఇంతసేపూ గుమోక్ మొగుడి దగ్గర్నుంచి తన వాటా లాక్కుంటున్నాననుకుంది. లాక్కున్నది పిల్ల దగ్గర్నుంచి.

ఆ తర్వాత అంతా మామూలుగా, మెల్లగా జరిగింది. సేబోమ్ ఈ ఇంట్లో ఇక తిననంది. తేసిక్ తిట్టలేదు. బల్ల దగ్గర కాసేపు తల పట్టుకుని, అక్కకి ఫోన్ చేసి, "వేసవి అయ్యేదాకా మేమిద్దరం మీ ఇంట్లో ఉంటాం. కూర తరిగే దగ్గర్నుంచి పిల్ల ఎదురుగానే వండాలి" అన్నాడు. డాక్టరమ్మకి పొద్దున్నే చెప్తానన్నాడు. వంతెన మీదుగా దీవికి ఏడుంపావుకి బస్సుంది. గుమోక్ బట్టలు మడతపెట్టి సంచిలో పెట్టింది. పిల్ల వాటిని తీసి, తనే మళ్ళీ మడిచి పెట్టుకుంది.

ఎండ ఇంకా పోలేదు. గుమ్మంలో సేబోమ్ బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే గుమోక్ వెనక నిలబడింది. ఊరెళ్ళేవాళ్ళకి ఏ తల్లయినా చెప్పే మాట ఒక్కటే, వేళకి తిను అని. నాలిక చివరి దాకా వచ్చిన ఆ మాటని మింగేసింది.

"అక్కడ సముద్రం గాలి ఎక్కువ," అంది చివరికి. "స్వెట్టర్ పెట్టుకున్నావా?"

"ఊఁ."

"నేను... శనివారం రానా?"

సేబోమ్ లేచి నిలబడింది. తల్లి ముఖంలోకి కాదు, మోచేతి కింద కొత్తగా కాలిన మచ్చ వైపు చూసింది. "దానికి మందు రాసుకో," అని బయటికి నడిచింది. తేసిక్ సంచీ భుజాన వేసుకుని నడుం పట్టుకుంటూ వెనకే వెళ్ళాడు. లిఫ్టు తలుపు మూసుకుంది.

గుమోక్ బల్ల మీదివన్నీ తీసేసింది. సీసాలో మిగిలిన నూనె పాత కాగితాల్లో ఒంపి చెత్తబుట్టలో వేసింది. ఏడు దాటాక తేసిక్ మెసేజ్ వచ్చింది. "బస్టాండులో రెండు ఉడికించిన గుడ్లు తింది. కొట్లో ముసలమ్మ ఒలిచి చేతికిచ్చింది. ఇప్పుడు బస్సెక్కాం."

తిందా! ఆమె ఫోను గుండెకి హత్తుకుంది. గుడ్డులో ఎవరూ ఏమీ కలపలేరు, అందుకే తిందేమో. తిన్నది, చాలు. ఆ మరుక్షణమే, మొహం కూడా ఎరగని ఆ ముసలమ్మ మీద, గుడ్డు ఒలిచిన ఆ వేళ్ళ మీద, భగ్గున మంట లేచింది. ఛీ, ఏం జన్మ నాది, అనుకుంది. అనుకున్నా మంట తగ్గలేదు. వంటింటి నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది.

తర్వాత దుప్పట్లు ఉతుకుదామని పిల్ల గది తలుపు తీసింది. వేడి మొహానికి కొట్టింది. ఊరంతా ఫ్యాన్లు పెట్టుకుని విసుక్కుంటున్న ఈ జూన్ నెలలో, మంచం మీద, ఒంట్లో వేడి నిలవని పిల్ల చలికి పరుచుకునే కరెంటు పరుపు, అన్నిటికన్నా ఎక్కువ వేడిచ్చే ఏడో నంబరులో ఎర్రదీపంతో ఇంకా కాగుతూనే ఉంది.