ఎలపటి పగ్గం

జహీరాబాద్‌లో రిమోట్ విమానం నడపడం నేర్పే మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఎందుకంటే ఊళ్లో నన్ను అందరూ రేడియోలు బాగుచేసే మన్సూర్ అనే అంటారు. మా క్లబ్బంటే చిరాగ్‌పల్లి దగ్గర, చెరుకు కొట్టేసి చదును చేసిన చేనులో ఆదివారం పోగయ్యే నలుగురం.

1986లో నా శిష్యులందరిలోకీ మొండివాడు ఇంద్రసేన పటేల్. నలభై దాటిన రైతు. బొంబాయి నుంచి తేలిక చెక్క తెప్పించి, వానకాలమంతా కూర్చుని సొంతంగా విమానం చేసుకున్నాడు. ఎగరేయడం వచ్చింది. దింపడమే రాలేదు. విమానం మా వైపు తిరగగానే తడబడేవాడు. అతని చేతిలోంచి విమానాన్ని నడిపే రేడియో డబ్బా లాక్కుని నేనే దింపేవాణ్ణి.

"ఇయ్యాల నన్నే దించనియ్యి ఉస్తాద్. చేసుడే గాని నడుపుడు రాదని మా ఇంటిది నవ్వుతున్నది" అన్నాడు, ఎడ్లబండిలో గడ్డి మీంచి విమానాన్ని ఎత్తుతూ.

"చూద్దాం తియ్యి" అన్నాను. దింపనిచ్చే ఉద్దేశం నాకేం లేదు.

విమానం ముందున్న ఫంకాను చేత్తో తిప్పాను. ఇంజన్ అందుకున్నాక దాన్ని సరిచేయబోతే ఆ ఫంకానే నా కుడిచేతి వేళ్లను కోసింది. ఇంతదానికి ఆగుతామా? రుమాలు చుట్టుకుని, పోనీయమన్నాను. విమానం ఇంధనంలో కలిపిన ఆముదం పొగ వదులుతూ లేచింది. దూరంగా వెళ్లి, తిరిగి, మాకు ఎదురుగా వస్తూ కుడి పక్కకు జరగడం మొదలుపెట్టింది. ఆ పక్కన రోడ్డు, రోడ్డు నిండా లారీలు.

డబ్బా కోసం చేయి చాపాను. వేళ్లు ముడుచుకోలేదు. అప్పుడు భయమేసింది నాకు.

"కుడికి తిప్పు!"

"కుడికే పోతున్నది కద ఉస్తాద్!" అంటూ డబ్బా మీది పుల్లను ఎడమకు నెట్టాడు. విమానం ఇంకా రోడ్డు వైపే ఒరిగింది.

"అరె, నీ కుడి కాదు, దాని కుడి!"

"దానికి కుడేంది?" పటేల్ గొంతు ఏడుపులోకి దిగింది.

నాకు తిక్క రేగింది. బండి తోలేటప్పుడు ఒక్కసారైనా తప్పు పగ్గం లాగాడా ఈ మనిషి? కాడికి కుడి పక్కన కట్టేది ఎలపటెద్దు, ఎడమ పక్కన దాపటెద్దు. బండి ఎదురొచ్చినా, ఎటు తిరిగినా ఆ పేర్లు మారవు.

"పటేలా, బండి ఎదురుగ వస్తున్నదనుకో. ఎలపటెద్దు ఎటున్నది?"

"గిటు!" ఎడమ వైపు తల ఊపాడు.

"అటే పోవాలె మనం. ఎలపటి పగ్గం గుంజు!"

పుల్ల టక్కున కుడికి వంగింది. విమానం రోడ్డును వదిలి చేను మీదికి తిరిగింది. అక్కణ్ణుంచి ఆయనే "ఎలపట... దాపట... ఆ, ఎలపట" అని గొణుక్కుంటూ ఇంజన్ తగ్గించి కిందికి తెచ్చాడు. విమానం రెండు గంతులు వేసి, మట్టి లేపుకుంటూ పరిగెత్తి ఆగింది. ఏమీ విరగలేదు.

"శభాష్! పా, దవాఖానకు పోదాం. కుట్లు పడేటట్టున్నయ్" అని అలవాటు కొద్దీ డబ్బా కోసం ఎడమ చేయి చాపాను.

పటేల్ దాన్ని రెండు చేతులతో ఛాతీకి అదుముకున్నాడు. "జర ఆగు ఉస్తాద్. ఇంకొక్క చుట్టు."

నెత్తురోడుతున్న మనిషితో ఆ మాట ఇంకెవరన్నా అంటే ఊరుకునేవాణ్ణి కాదు. కానీ నాకు పట్టలేనంత సంతోషమైంది. రుమాలు ఇంకాస్త బిగించుకున్నాను.

"సరే. ఫంకా మాత్రం నువ్వే తిప్పుకో పటేలా."