మూడు పూతల గోడ

బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి ఆమె పొద్దుటి నుంచి ఆరోసారి గోడ తుడుస్తోంది. వారం రోజులుగా వదలని ముసురు. ఒకచోట బూజు చెరిపితే జానెడు దూరంలో ఇంకో నల్లమచ్చ నేనున్నానంటోంది. వేళ్ల కొసల్లో తోలు ఊడి మండుతున్నా ఆమె ఆపడం లేదు. గోడవార మంచం మీద ఆమె ఏడేళ్ల కూతురు పిల్లికూతలతో ఊపిరి తీస్తోంది.

మళ్లీ రంగెయ్యమని ఇంటాయన పిలిపిస్తే వచ్చి, గుమ్మంలో రంగు డబ్బాతో నిలబడ్డ రంగులాయనకు ఆ గోడ కొత్తది కాదు.

రెండేళ్ల కిందట ఇదే గదికి ఇంటాయన అతన్ని పిలిపించాడు. గోడలోపల పైపు కారుతోందని, అది బాగుచేయించి, బూజు గీకి, పదిహేను రోజులు ఆరనివ్వాలని రంగులాయన చెప్పాడు. “ఆ పదిహేను రోజుల అద్దె నువ్విస్తావా?” అన్నాడు ఇంటాయన. రోజుకూలి ఏడొందలు. చేతిలో మరో పని లేదు. బూజు మీదే లప్పం పట్టించి, తెల్ల రంగు పూసి చక్కా వెళ్లిపోయాడు. పైన పటారం, లోన లొటారం. మర్నాడే కుట్టుమిషనుతో, చంటిపిల్లలా చూసుకునే ఆ కూతురితో ఈమె దిగింది. పొట్టకోసం చేశానని అతను చాలాసార్లు తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మనసు ఒప్పుకుంటేగా.

“తప్పు నాదే అన్నా,” అందామె ముక్కాలిపీట అతని వైపు జరుపుతూ. “వానకి బట్టలు లోపలే ఆరేశాను. జల్లు పడి కుట్టుగుడ్డలు తడుస్తాయని కిటికీ మూసేదాన్ని. నా చేతులారా పిల్లకి జబ్బు తెచ్చాను.”

అతను పీట మీద కూర్చోలేకపోయాడు.

ఇంటాయన గొడుగు ముడుస్తూ లోపలికొచ్చాడు. “అడ్వాన్సు పన్నెండు వేలూ గోడ ఖర్చుకే సరి. సాయంత్రానికి ఖాళీ చెయ్యి.”

“ఆ డబ్బు లేకపోతే ఇంకో గది ఎవరిస్తారండీ? పిల్లని ఎక్కడ పడుకోబెట్టను?”

“నేనిచ్చినప్పుడు గోడ అద్దంలా ఉంది. రంగు వేసినాయన ఇక్కడే ఉన్నాడుగా. ఏమయ్యా, చెప్పు.”

రంగులాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

“ఆయన్నెందుకు ఇరుకున పెడతారు? మధ్యలో ఆయనేం చేశాడు?” అందామె.

ఇంటాయన మాటకన్నా ఆ మాటే అతన్ని కోసింది. సంచిలోంచి స్క్రాపర్ తీసి, మంచానికి ఎడంగా గోడ గీకాడు. తెల్ల పెచ్చు ఊడింది, కింద నలుపు. ఇంకాస్త గీకితే నీలం, దాని కింద నలుపు. ఆ తర్వాత ఆకుపచ్చ, దాని కిందా నలుపే.

“తెలుపు ఈమె రాకముందు వేసింది, దాని ఖర్చు అప్పుడు ఖాళీ చేసిన ముసలావిడ మీద రాశారు. నీలం ఖర్చు ఆవిడ కన్నా ముందువాళ్ల మీద. ఆకుపచ్చది వాళ్లకీ ముందువాళ్ల మీద. మూడూ నా చేత్తో వేసినవే,” అన్నాడు. “నాలుగోది వెయ్యనండి. ఆమె డబ్బు ఆమెకి ఇచ్చెయ్యండి. ఇవ్వనంటే, ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతాను.”

“ఈ వీధిలో నీకు పనెవరిస్తారో నేనూ చూస్తాను,” అని ఇంటాయన గొడుగు విప్పుకుని మెట్లు దిగాడు.

ఆమె తడిగుడ్డ బకెట్లో వేసి, తోలు ఊడిన వేళ్లు చూసుకుంది. తర్వాత అతన్ని చూసింది.

“మేం దిగినరోజు... లోపల ఇది ఉందని నీకు తెలుసా?”

“తెలుసమ్మా.”

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్ల దుప్పటి సర్దింది.

“మంచం గోడ నుంచి జరపాలి,” అంది. ఈసారి ‘అన్నా’ అని పిలవలేదు. “అటుపక్క పట్టుకో.”