వేడి రకం ప్లగ్గులు

స్పార్కు ప్లగ్గు విప్పి చూస్తే ఇంజన్ లోపలి సంగతి మొత్తం తెలిసిపోతుందని ఖాసిం నమ్మకం. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా పెట్రోలు కార్లు బాగుచేస్తున్నాడు. ప్లగ్గు కొన లేత ఇటుక రంగులో ఉంటే బండికి ఏ రోగమూ లేనట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. నూనెతో తడిసి జిడ్డుగా వస్తే మాత్రం, పెద్ద రోగమే అనుకుని ముందు చేతులు తుడుచుకుంటాడు.

ఆ ఏప్రిల్ ఉదయం హైమావతి కారు మూడు ప్లగ్గుల్లో రెండు జిడ్డుగా వచ్చాయి.

ఆమెది ఈపూరు. భర్త అమరేశ్వరరావు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. డిసెంబరులో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు, మాట పడిపోయాయి. అంతవరకు స్టీరింగు ముట్టుకోని హైమావతి యాభై ఎనిమిదేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. వారానికి మూడు రోజులు ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా పాత చీరతో సీటుకు కట్టి, పేటలో ఫిజియోథెరపీకి తీసుకొస్తోంది.

"ఏందయ్యా ఖాసిం, అంతసేపు చూస్తన్నావు?"

"పిస్టన్ రింగులు అరిగిపోయినయ్యక్కా. ఆయిలు పైకెక్కి ప్లగ్గుల్ని తడిపేస్తంది. బండి దగ్గేది అందుకే. ఇంజన్ దించాల."

"ఎన్నాళ్లు పడద్ది?"

"సామాను బెజవాడ నుంచి రావాల, సిలిండర్లకి బోరింగు గుంటూరులో చేయించాల. ఇరవై రోజులు అనుకోండి."

హైమావతి కారు వైపు చూసింది. లోపల మాస్టారు ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటే చాపుకుంటున్నాడు.

"మొదటి ఆర్నెల్లే ముఖ్యం అన్నాడు డాక్టరు. ఇంక రెండు నెల్లు కూడా లేవు. మొన్న బొటనవేలు కదిలిందయ్యా. 'నీళ్లు' అన్నారు. ఇప్పుడు ఇరవై రోజులు మానేస్తే ఎట్టా?"

"అద్దె కారు..."

"అదీ చూశా. ఎత్తి కూర్చోబెట్టాలంటే ఆ డ్రైవరు మొహం చిట్లించాడు. రెండోసారి ఫోనే ఎత్తలా. ఏదో ఒకటి చేసి ఈ రెండు నెల్లు నడిపించు."

ఆ 'ఏదో ఒకటి' ఏమిటో ఖాసింకు తెలుసు. కంపెనీ చెప్పిన దానికంటే ఒక నంబరు వేడి రకం ప్లగ్గులు బిగిస్తే, పైకొచ్చిన ఆయిలును అవే కాల్చేస్తాయి. బండి నడుస్తుంది. కానీ ఎండల్లో దూరం పోతే ఆ ప్లగ్గు కొన నిప్పుకణికలా మారి, పెట్రోలును వేళ కాని వేళ అంటిస్తుంది. పిస్టన్‌కు చిల్లి పడుతుంది. ఆ పని చేసే మెకానిక్కుల్ని అతను ఎన్నోసార్లు తిట్టాడు.

ఆ రోజు తనే బిగించాడు. "స్పీడు యాభై దాటొద్దక్కా. శనివారం శనివారం వచ్చి ప్లగ్గులు చూపించండి" అన్నాడు. పిస్టన్ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె స్టీరింగు ముందు కూర్చోలేదని తనకు తాను చెప్పుకున్నాడు.

అయిదు వారాలు బాగానే గడిచాయి. శనివారం రాగానే ఖాసిం ప్లగ్గులు విప్పి, పెట్రోల్లో కడిగి, కొన దగ్గర సందు గేజితో కొలిచి మళ్లీ బిగించేవాడు. ఒకసారి మాస్టారు అతన్ని చూసి, నాలుకతో చాలాసేపు పెనుగులాడి, "ఖా... సిం" అన్నాడు. హైమావతి కొంగుతో నోరు మూసుకుంది.

ఆరో శనివారం మధ్య ప్లగ్గు కొన సున్నంలా తెల్లబడి ఉంది. దాని మీద సన్నని వెండి చుక్కలు. అవి కరుగుతున్న పిస్టన్ తునకలు.

"అక్కా, ఒక్క వారం ఆపకూడదా?"

"సోమవారం నిలబెడతామన్నార్రా ఆయన్ని! కడ్డీ పట్టుకుని సొంతంగా. అదయ్యాక నీ ఇష్టం."

ఖాసిం ప్లగ్గులు తుడిచి బిగించేశాడు.

సోమవారం పేటకు వస్తుంటే దారి మధ్యలో, కాసింత నీడ కూడా లేని చోట ఇంజన్ ఒక్కసారి గట్టిగా చప్పుడు చేసి ఆగిపోయింది. మే నెల పదకొండు గంటల ఎండ. కారు లోపల పొయ్యిలా కాలిపోతోంది. హైమావతి ఖాసింకు ఫోన్ చేసింది. అతను బయల్దేరి చేరేలోపే, మిర్చి టిక్కీలు వేసుకుని పోతున్న ట్రాక్టరు వాళ్లు ఆగారు. నలుగురు కలిసి మాస్టారిని కాళ్లూ చేతులూ పట్టుకుని, ఆ బస్తాల మీదికి ఎత్తారు. అప్పటికే ఆయన పంచె తడిసిపోయి ఉంది. ఆ నలుగురిలో ఇద్దరు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు. "సార్, మేం సార్" అని వాళ్లు పేర్లు చెబుతుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన పేటకు రానన్నాడు. నోటితో కాదు, మంచం పట్టీని ఎడమ చేత్తో పట్టుకుని వదలకుండా. నోరు అసలు తెరవడమే మానేశాడు.

ఖాసిం కారును లాక్కొచ్చి ఇంజన్ దించాడు. మధ్య పిస్టన్‌లో బొటనవేలు దూరేంత చిల్లి. తనే బెజవాడ, గుంటూరు తిరిగి, కొత్త పిస్టన్లూ రింగులూ తెచ్చి, కంపెనీ నంబరు ప్లగ్గులు వేసి బండిని మామూలు చేశాడు. దానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆరు నెలలూ నిండిపోయాయి.

కారు నడుపుకుంటూ ఈపూరు వెళ్లాడు. హైమావతి వసారాలోకి వచ్చింది.

"అక్కా, తప్పు నాది. ఆ ప్లగ్గులు దానికి వెయ్యకూడనివి. ఇంజన్ పోద్దని శనివారమే నాకు తెలిసిపోయింది. చెప్పలా."

ఆమె స్తంభానికి ఆనుకుంది.

"చెప్పినా వచ్చేదాన్నేమో. అయినా చెప్పాల్సిందిరా నువ్వు."

లోపలికి వెళ్లింది. "కారు బాగైందండీ. రేపు పోదామా పేటకి?" అని అడగడం ఖాసింకు వినిపించింది. మంచం కిర్రుమంది. కాసేపటికి ఆమె బయటికి వచ్చింది.

"గోడ వైపు తిరిగారు" అంది. "తాళాలు నీ దగ్గరే ఉంచుకో. ఎవరికన్నా అమ్మెయ్యి."

"నేను మాట్లాడనా అక్కా సార్‌తో?"

"వద్దు. నీ పేరు చెబితేనే కళ్లు మూసుకుంటన్నారు."

హైమావతి వంచిన తల ఎత్తకుండానే లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసింది.