చూపించకూడని ఏనుగు

మ్యూజియంలో బొమ్మల గదికి రోజులు దగ్గరపడ్డాయి. చూడటానికి ఎవరూ రావడం లేదు కనుక, నెలాఖరుకు బొమ్మల్ని గోదాములోకి నెట్టి, ఆ గదిని సోషల్ మీడియా కమిటీకి సమావేశ మందిరంగా మార్చాలని డైరెక్టరుగారు తీర్మానించారు.

ఈ మాట విన్నప్పటినుంచి, ప్రచారం పనులు చూసే ఆవిడకు అన్నం సహించడం లేదు. ఇక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ గదిలోని మట్టి బొమ్మలకు అతుకులు వేసింది వాళ్ల నాన్న. ఒక్క ఏనుగు దగ్గర మాత్రం ఆయన పొరబడ్డాడు. కిందికి వేలాడాల్సిన తొండాన్ని తిరగేసి అతికించాడు. జిగురు గట్టిపడ్డాక గానీ చూసుకోలేదు, ఊడదీస్తే పిండైపోతుంది. అప్పటినుంచీ ఆ ఏనుగు ఎవరినో పిలుస్తున్నట్టు తొండం పైకెత్తుకునే ఉంది.

దాని ఫోటో మ్యూజియం పేజీలో పెడితే జనం వస్తారని ఆవిడ నమ్మకం. కానీ కొత్త సోషల్ మీడియా విధానం పుణ్యమా అని, పేజీలో ఏది పెట్టాలన్నా, పెట్టింది తియ్యాలన్నా కమిటీ మొత్తం ఒకచోట కూర్చుని సంతకాలు చెయ్యాలి. కూర్చోవడానికి గది లేదు. మ్యూజియానికి ఫలానా రోజు సెలవని పెట్టడానికి అనుమతి తెచ్చుకునేసరికి ఆ సెలవు కాస్తా దాటిపోయింది. పైగా పేజీని ఆవిడ చేతిలోంచి లాక్కుని డైరెక్టరుగారు తన ఫోనులోనే పెట్టుకున్నారు.

"ఒక్క ఫోటో సార్. ఆ ఏనుగుది," అని అడిగిందావిడ.

"ఆ ఏనుగుదా? మన పరువేం కాను? అసలు దాన్నెవరూ బయటపెట్టకుండా స్టాఫ్ గ్రూపులో నేనే హెచ్చరిక పెడతాను."

"పేజీ కూడా మీ ఫోనులోనే ఉంది కదా సార్, కాస్త చూసుకుని..."

"నాకు ఫోను వాడటం నేర్పుతావా అమ్మా?"

ఆవిడ తన బల్ల దగ్గరికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే నాన్న ఫోను చేశాడు. "ఏమ్మా, నా తప్పు ఊరంతా చూస్తోందట."

ఆవిడ గబగబా మ్యూజియం పేజీ తెరిచి చూస్తే డైరెక్టరుగారి హెచ్చరిక కనిపించింది. 'సిబ్బందికి. ఈ కింది ఏనుగును బయటివాళ్లకు చూపించరాదు. తొండం తప్పుగా అతికించారు. విషయం మనలో మనకే ఉండాలి.' ఎవరూ పొరబడకుండా ముందునుంచీ, పక్కనుంచీ, తొండం దగ్గరనుంచీ తీసిన ఫోటోలు కూడా జతచేశారు.

"నాన్నా, నువ్వేం బాధపడకు."

"బాధెందుకే. పక్కింటావిడ మనవరాల్ని తీసుకుని అక్కడికే బయల్దేరింది. నేనూ వస్తున్నాను."

మధ్యాహ్నానికి టికెట్ల వరస వీధిలోకి పాకింది. వచ్చినవాళ్లంతా చూపించకూడని ఏనుగు ఎక్కడని అడగడమే. డైరెక్టరుగారు చెమటలు కక్కుతూ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏం చెయ్యాలో తోచడం లేదు. ఆ హెచ్చరిక తీసేద్దామా?"

"తియ్యాలన్నా కమిటీ కూర్చోవాలి సార్. మీరు రాసిన విధానమే."

"అయితే ఇప్పుడే కూర్చుందాం. ఎలాగూ కమిటీకి ఇవ్వాల్సిందే కదా, ఆ బొమ్మల గది తెరిపించు."

తెరిచే ఉంది. ఆయన గుమ్మం దాకా వెళ్లి, లోపల అడుగు పెట్టడానికి సందు లేక ఆగిపోయారు. జనం మధ్యలో ఏనుగు పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. ఎవరి పిల్లనో ఎత్తుకుని, "దీన్ని అతికించింది నేనే," అని చెబుతున్నాడు.