వెనక సీట్లో నేను

"ఒక్క బకెట్టు నింపడానికి ఇంతసేపేంటమ్మా?" అని మా అత్తగారు సీతారావమ్మ పెరటి గుమ్మంలో నిలబడి అడిగారు. కుళాయిని సన్నగా తిప్పి, ధార బకెట్టు అంచుకి తగిలి చప్పుడు లేకుండా జారేట్టు పెట్టి, నేను అటు తిరిగి అంట్లు తోముతున్నాను. నీళ్ళు సరిగ్గా రావట్లేదన్నాను. ఆవిడ వచ్చి కుళాయి పూర్తిగా తిప్పారు. నీళ్ళు ఒక్కసారిగా దూకాయి. అడుగున గుడగుడమని మొదలై, పైకొచ్చేకొద్దీ సన్నబడే ఆ శబ్దం చెవుల్లోంచి నా గొంతులోకి దిగింది. చేతిలో గిన్నె జారకుండా పట్టుకుని బకెట్టు నిండేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. "వస్తున్నాయిగా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. రెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను నీళ్ళు ఇలాగే నింపుతున్నాను. తలస్నానానికి మెడ వెనక్కి వాల్చి, ముఖం మీద చుక్క పడకుండా పోసుకుంటున్నాను. కాలవకి నీళ్ళు వదిలిన రోజు ఇంట్లో అందరూ సంబరపడతారు, మాది పన్నెండెకరాల వరి మరి. నేను మాత్రం కాలవ వైపు కిటికీ మూసేసి దుమ్మొస్తోందని చెప్తాను.

రెండేళ్ళ కిందట శ్రావణ మాసంలో, నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, బాళగనూరులో గృహప్రవేశానికి వెళ్ళి మధ్యాహ్నం జవళగేరకి తిరిగొస్తున్నాం. కారు నడుపుతున్నది మా మరిది సుబ్బు. అతని పక్కన మా ఆయన శ్రీరాములు. వెనక సీట్లో నేను. మా అమ్మాయి నవ్యశ్రీకి బడి ఉందని ఇంట్లోనే వదిలి వెళ్ళాం, ఆ మాట తలుచుకుని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. కాలవ గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే సుబ్బు పక్కకి తిప్పాడు. వారం వానకి మెత్తబడిన గట్టు చక్రాల కింద జారిపోయింది. కారులో నాకు కడుపులో తిప్పుతుంది కాబట్టి అద్దం దించుకుని కూర్చున్నాను. ఆ కిటికీలోంచే నీళ్ళు లోపలికొచ్చాయి, ఆ కిటికీలోంచే నేను బయటికి పాకాను. నడుం దాకా వచ్చాక ఎవరిదో చెయ్యి నా కుడికాలు చీలమండ దగ్గర పట్టుకుంది. తన్నాను. వదల్లేదు. ఇంకోసారి తన్నాను. వదిలేసింది.

పక్క మడిలో నాట్లేస్తున్న సుంకవ్వ అనే ఆవిడ తన చీర విప్పి విసిరి నన్ను గట్టుకి లాగింది. మా ఆయన ఆ తర్వాత అదే కిటికీలోంచి ఎలా తేలారో ఆయనకే తెలియదు, పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. సుబ్బుని కారుతో పాటే పైకి తీశారు. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. మా ఆయనదైతే ఆయన ఎలాగో బయటపడ్డారు. సుబ్బుదైతే... ఆ వాక్యాన్ని నేను ఒక్కసారి కూడా చివరిదాకా అనుకోలేదు. సుబ్బు వాళ్ళమ్మకే నేను రోజూ అన్నం వడ్డించాలి.

ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఆయన మనిషి కాలేకపోయారు. ట్రాక్టరు చప్పుడు వినబడితే కంచం విసిరేసేవారు. పొలం వైపు వెళ్ళేవారు కాదు. చెమటలు పట్టి, ఊపిరి ఆడటం లేదని గుండె పట్టుకునేవారు. నాలుగు నెలలు ఆయన కోపాన్నీ ఏడుపునీ మోశాక, సింధనూరులో డాక్టరు రాయచూరు ఆస్పత్రికి పంపించారు. అక్కడ గురువారాలు కౌన్సిలింగు చేసే అమ్మాయి పేరు మేఘా. వయసు చిన్నదే కానీ తొందరపడే మనిషి కాదు. నన్ను కూడా లోపల కూర్చోబెట్టి, ఇంట్లో సాయం చెయ్యాల్సింది మీరే కాబట్టి వినాలంది. "ప్రమాదం అయిపోయిందని మనకు తెల్సక్కా. ఒంటికింకా ఆ కబురు అందలే. మెల్లగ అందించాలె" అని చెప్పింది.

అందించే పద్ధతి ఏమిటంటే, ఆ రోజు జరిగింది మొదటి నుంచి చివరిదాకా, భయం పుట్టిన చోట తప్పించుకుపోకుండా, ఆయన కళ్ళు మూసుకుని చెప్పాలి. మళ్ళీ చెప్పాలి. దాన్ని ఫోనులో రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినాలి. వినగా వినగా అది ఇప్పుడు జరుగుతున్నది కాక, ఒకప్పుడు జరిగినది అవుతుంది. భయం మరీ పెరిగితే అరికాళ్ళు నేలకి ఆనించి, కళ్ళ ముందున్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పుకోవాలి. అలా చెప్పించే పని నాది. పొద్దున్నే టిఫిన్లయ్యాక ఆయన మంచం మీద, నేను పక్కన కుర్చీలో. ఇరవై నిమిషాల రికార్డింగు. ఆయన చెయ్యి పట్టుకుని "నేల తగుల్తోందా? గోడ మీద ఏముంది చెప్పండి" అంటూ ఉండేదాన్ని. కారు కాలవలోకి దిగడం రోజూ విన్నాను. నీళ్ళ చప్పుడు ఆయన నోటితో వర్ణిస్తుంటే విన్నాను. నా అరచేతుల్లో చెమట చూసి, తన చెమటే అంటుకుందనుకుని ఆయన తువ్వాలు ఇచ్చేవారు. ఇరవై రోజులో నెలో విన్నాక గమనించాను, ఆ రికార్డింగులో నేను లేను. "నేనూ తమ్ముడూ వస్తున్నాం" అని మొదలవుతుంది. తమ్ముడు ఏదో జోకు వేశాడంటారు, ట్రాక్టరు రంగు చెప్తారు. వెనక సీట్లో ఎవరున్నారన్న మాట చివరిదాకా రాదు.

ఆయన బాగుపడ్డారు, అబద్ధం చెప్పను. మొదట గట్టు కనబడేంత దూరం, తర్వాత గట్టు దాకా, ఆపైన వంతెన మీదికి, మేఘా వారానికింత అని చెప్తే నేను పక్కనే నడిచి తీసుకెళ్ళాను. ఆయన వంతెన పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తుంటే నేను ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఈ ఏడు నాట్లు ఆయనే దగ్గరుండి వేయించారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఆయన ధైర్యాన్ని మెచ్చుకుని, కాఫీ గ్లాసులు నా చేతికిస్తూ, "నువ్వు గట్టిదానివమ్మా, చెక్కుచెదర్లేదు" అని వెళ్ళేవారు. మా అత్తగారు మాత్రం ఒకసారి, పప్పులో ఉప్పు ఎక్కువైన రోజు, "ముందుగా బయటపడ్డదానివి, నీకేం" అన్నారు. కొడుకు పోయిన తల్లి అని ఊరుకున్నాను. నిజానికి ఊరుకున్నది అందుకు కాదు. ఆవిడకి తెలిసిపోయిందేమోనని.

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి చాప మీద కాస్త వాలాను. పన్నెండేళ్ళ నవ్యశ్రీ కొత్తగా కొన్న పట్టీలు నా కాళ్ళకి పెట్టి చూద్దామని, నిద్ర లేపకుండా నా కుడికాలు రెండు చేతులతో పట్టుకుంది. నేను తన్నాను. ఒకసారి కాదు. కళ్ళు తెరిచేసరికి పిల్ల గోడకి ఆనుకుని, చిట్లిన పెదవిని అరచేత్తో మూసుకుని, ఏడవకుండా నన్ను చూస్తోంది. మా అత్తగారు పరుగున వచ్చి పిల్లని దగ్గరికి తీసుకుని, "ఏం పూనింది నీకు, పిల్లని తన్నడమేంటి?" అన్నారు. మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. నా చేతులు వణకడం చూశారు. అవి ఎలా వణుకుతాయో ఆయనకంటే తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. చూసి, "నేనింకా పూర్తిగా కోలుకోలేదు మాధవీ. నువ్వు కూడా మొదలుపెట్టకు" అన్నారు.

సాయంత్రం పిల్ల పెదవికి మందు రాస్తుంటే, "అమ్మా, నిద్దర్లో వదులు, వదులు అన్నావు. ఎవరినమ్మా?" అని అడిగింది. కల వచ్చిందన్నాను. ఏం కల అంది. మందు మూత పెట్టి లేచాను. ఆ తర్వాత అది నా కాళ్ళ వైపు రావడం మానేసింది. నా పక్కన కూర్చోవాలన్నా తల వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి కూర్చుంటోంది. చిన్నపిల్ల అంత జాగ్రత్తగా నడవడం చూశాక నాకు ఇంట్లో ఎటు వెళ్ళాలో తోచలేదు.

ఆ గురువారం మేఘా ఇంట్లో అంతా ఎలా ఉందని అడిగితే, అంతా బాగుందని మా ఆయన చెప్పారు. నా పేరు మీద చీటీ రాసి నన్ను కూడా చూస్తారా అని నేను అడిగాను. మా ఆయన చిన్నగా నవ్వి, "నాతో పాటు తిరిగి తిరిగి దీనికీ అలవాటైంది" అన్నారు. మేఘా నవ్వలేదు. ఆయన్ని బయట కూర్చోమని పంపి, తలుపు మూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. నేను కారు దగ్గర మొదలుపెట్టలేదు. పిల్ల పెదవి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాను. చెయ్యి గురించి, రెండు తన్నుల గురించి చెప్పాను. నా తప్పు లేదంటుందేమోనని భయపడ్డాను, అలా అంటే నేను నమ్మను. ఆమె అనలేదు. "నీళ్ళల్ల ఉన్నప్పుడు ఎవరిని తంతున్ననని ఆలోచన చేసిండ్రా?" అని అడిగింది. లేదన్నాను. ఏం చేశారని అడిగింది. ఊపిరి కోసం పైకి చూశానన్నాను.

"ఊపిరి కోసం తన్నింది కాలు. ఎవరినని ఈ రెండేండ్లు అడుగుతున్నది మీరు. ఆ రెండూ ఒకటి కాదక్కా. ఒక్కరోజుల తేలేది కాదు గాని, రాండ్రి. వారం వారం రాండ్రి" అంది.

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చడానికి ముందుకు రాలేదు, గడియారం చూడలేదు. రెండేళ్ళలో నేను ఏడుస్తుంటే ఎవరికీ అన్నం ఆలస్యం కాని సమయం అదొక్కటే.

బయటికొచ్చాక మా ఆయన సంతోషంగా ఒక మాట చెప్పారు. తనకిక ప్రతివారం అక్కర్లేదట, ఆర్నెల్లకోసారి వచ్చి కనబడితే చాలని మేఘా ముందే చెప్పిందట. ఇంటికొచ్చి వాళ్ళమ్మకి చెప్తే ఆవిడ దేవుడికి దీపం పెట్టి, పాయసం చెయ్యమ్మా అన్నారు. పాయసం కలుపుతూ నిలబడ్డప్పుడు అర్థమైంది. ఏడాదిన్నరగా ఆయన జబ్బు పట్టుకునే నేను ఆ గది దాకా వెళ్ళాను. ఆయనకి నయమైంది కాబట్టి ఇక నాకు దారి లేదు. గురువారాలు నేను వెళ్ళాలని ఆ పూటే అన్నాను. మా అత్తగారు "ఇప్పుడిప్పుడే ఇల్లు తెరిపిన పడింది, మళ్ళీ ఆస్పత్రేంటి? వంటెవరు చేస్తారు, కూలీలకి టీలెవరు పంపుతారు?" అన్నారు. మా ఆయన చూద్దాంలే అన్నారు. మరుసటి గురువారం గడిచింది. ఆ పై గురువారం కలుపులున్నాయన్నారు, అదీ గడిచింది. రెండు వారాలూ కుళాయి సన్నగా తిప్పుకుంటూ, పిల్ల నా చుట్టూ తిరిగి రావడం చూస్తూ ఉన్నాను.

నిన్న గురువారం, పొద్దున్నే లేచి వంట చేశాను, టీ ఫ్లాస్కులో పోశాను, చీర మార్చుకున్నాను. మా అత్తగారు పూజలో ఉన్నారు. మా ఆయన వరండాలో చెప్పులేసుకుంటూ నన్ను చూసి ఆగారు. రాయచూరు వెళ్తున్నానని చెప్పాను. "అక్కడ ఏం చెప్తావు? ఇంట్లో సంగతులు బయట పెట్టకు" అన్నారు. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. కూర్చుని మాట్లాడితే గొంతు వణకదని ఆయనకి నేర్పింది నేనే.

"నీళ్ళలో నా కాలు ఎవరో పట్టుకున్నారు. నేను తన్నాను. రెండుసార్లు. అది చెప్తాను" అన్నాను.

ఆయన చెప్పు వేసుకోవడం ఆపేశారు. ఏ కాలు అని అడిగారు. కుడిదన్నాను. ఆయన తన కుడి అరచేతిని తిప్పి, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. అందులో ఏమీ దొరకలేదు.

"నాకు గుర్తులేదు మాధవీ."

"గుర్తు తెచ్చుకోమని అడగట్లేదండీ. నాకు గుర్తుందని చెప్తున్నాను."

ఆయన లోపల దేవుడి గది వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. అమ్మకి చెప్పకు అని. చెప్తానో లేదో నాకే తెలియదు, అందుకే మాటివ్వలేదు. బ్యాగు తీసుకుని రోడ్డెక్కాను. వెనక నుంచి పిలుస్తారేమోనని మలుపు దాకా విన్నాను. పిలవలేదు. ఆపలేదు కూడా.

బస్సు వంతెన మీదికి రాగానే నిండు కాలవ కనబడింది. కళ్ళు మూసుకోకుండా ముందు సీటు కడ్డీ పట్టుకుని, అరికాళ్ళు నేలకి ఆనించి, కనబడినవి లోలోపల చెప్పుకున్నాను. కడ్డీ. కండక్టరు సంచి. ఎవరిదో మల్లెపూల దండ. వంతెన దాటేసరికి చెమటకి జాకెట్టు తడిసిపోయింది. పక్క సీట్లో ముసలావిడ, నింగవ్వట, ఇదంతా చూస్తూనే ఉంది. దవాఖానకా అని అడిగింది. అవునన్నాను.

"ఎవరికి బాగలేదు బిడ్డా?"

"నాకు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీకేమయింది, మంచిగనే ఉన్నవ్ గద" అంది. ఇంట్లో వాళ్ళూ, చుట్టాలూ అన్న మాటే. కానీ ఆవిడ అనేసి అటు తిరగలేదు, ఒళ్ళోని సంచి కింద పెట్టి నా ముఖమే చూస్తోంది.

"రాయచూరుకి ఇంకా రెండు గంటలుంది అవ్వా. వింటానంటే చెప్తాను" అన్నాను.