తొంభై తొమ్మిది మార్కుల బండి

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నేర్చుకుని నాలుగేళ్లే అయింది. ఈ కాగితం నిండడానికి మూడు రోజులు పట్టింది.

మా ఆయన వెర్లిన్ దగ్గర 1934 నాటి ఇండియన్ కంపెనీ వాళ్ల స్కౌట్ పోనీ ఉండేది. ఎర్ర మోటార్‌సైకిల్. ఊళ్లో ఎవరికీ పనులు దొరకని కాలంలో కొన్నాడు. దాని మీదే కోళ్లను సంతకు మోశాడు, నా కాన్పుకు మంత్రసానిని ఎక్కించుకొచ్చాడు. జూలై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, జరిగే ఊరేగింపులో ముప్పై ఒక్క ఏళ్లు ఆ బండే ముందు నడిచింది. కిందటి చలికాలంలో ఆయన పోయాడు. ఈ ఏడాది దాన్ని నేను ముందు నడపాలనుకున్నాను. ఇంకే కోరికా లేదు.

అయితే పాత బండ్ల సంఘం వాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. ఎక్కువ మార్కులు వచ్చిన బండే ఊరేగింపుకు ముందుండాలట. ఆ పొద్దున పార్కులో పన్నెండు బండ్లు నిలబడ్డాయి. పదకొండు బండ్లు దుప్పట్లు కప్పుకుని ట్రైలర్ల మీద వచ్చాయి. నాది తొమ్మిది మైళ్లు నడిచి వచ్చింది.

మార్కులు వేసే హాల్వర్ స్టబ్ మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం తీశాడు.

"ట్యాంకు మీద ఈ అరుగుదల ఏంటమ్మా?"

"మా ఆయన మోకాలు."

"ఫ్యాక్టరీ నుంచి మోకాలు రాలేదుగా. మూడు తీసేస్తున్నా. లైటు మీద ఇవేంటి?"

"పురుగులు."

"ఎప్పటివి?"

"ఇవాళ్టివే."

"అదే చిక్కు. ముప్పై నాలుగు నాటివైతే ఉంచేవాణ్ణి."

నాకు అరవై రెండు వచ్చాయి. డ్యూయీ క్రాంట్జ్ బండికి తొంభై తొమ్మిది. ఎక్కడో వేలిముద్ర దొరికి ఒకటి పోయిందట.

"ఎప్పుడైనా స్టార్ట్ చేశావా నాయనా?" అని డ్యూయీని అడిగాను.

"భలేదానివే ఆర్డిత్. పదేళ్లుగా ఒక్క చుక్క పెట్రోలు తగలనివ్వలేదు," అన్నాడు, కూతుర్ని పద్ధతిగా పెంచిన తండ్రిలా.

"మరి ఊరేగింపులో ఎట్లా?"

"తోస్తారు."

ఆరుగురు తోశారు. డ్యూయీ తెల్ల చేతితొడుగులు వేసుకుని పైన కూర్చున్నాడు.

"అక్కడ పట్టుకోకు, ముద్ర పడుతుంది."

"ఇంకెక్కడ పట్టుకోమంటావ్?"

"పట్టుకోకుండా తొయ్యి."

ధాన్యపు గోదాం దగ్గర వీధి ఎత్తు. అక్కడ బండి ఆగిపోయింది. వెనక వస్తున్న బ్యాండు వాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరికన్నా చివర ఉన్న నా దగ్గరికి హాల్వర్ రొప్పుతూ వచ్చాడు.

"ఆర్డిత్, నీ బండికి తాడు కట్టి డ్యూయీని లాగుతావా? ముందుంటావు గానీ లెక్కలోకి రావు."

"సరే, కట్టండి."

కానీ తాడు చూడగానే డ్యూయీ మొహం పాలిపోయింది. "తాడా? రంగు గీసుకుపోతుంది. చస్తే ఒప్పుకోను."

"అయితే పక్కకు జరుపు," అన్నాను.

ఆరుగురూ ఎక్కడా ముట్టుకోకుండా జరపడానికి చాలాసేపు పట్టింది. నేను కిక్ కొట్టాను. రెండో దెబ్బకు అందుకుంది. బ్యాండు నా వెనక కదిలింది.

సంఘం పుస్తకంలో మాత్రం ఈ ఏడాది ముందు నడిచింది డ్యూయీ బండేనని రాసుకున్నారు. రాసుకోనీ. బ్యాంకు మలుపు దగ్గర వెర్లిన్ ఎప్పుడూ వేగం తగ్గించేవాడు. నేను తగ్గించలేదు.

ఆర్డిత్ లిండ్‌క్విస్ట్, డెబ్బై నాలుగేళ్లు. ప్రస్తుతం అయోవాలోని వాల్డ్రప్ ఊరి బయట, చెల్లెలి పొలంలో ఉంటున్నాను.